సంచి కాస్త చూస్తారా? ఒంటరి ప్రయాణంలో మనుషులను కలుపుకునే తీరు

నాది బొబ్బిలి. వయసు 27. ఏడాదిలో ఎనిమిది నెలలు హైదరాబాదులో ఒక అద్దె గదిలో కూర్చుని పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. మిగిలిన నాలుగు నెలలు సంచి భుజాన వేసుకుని ఒక్కదాన్నే తిరుగుతాను. ఐదేళ్ళుగా ఇదే వరస. కొత్తగా ప్రయాణాలు మొదలుపెట్టిన పిల్లలు నన్ను అడిగేది రైళ్ళ గురించీ కాదు, లాడ్జీల గురించీ కాదు. "అక్కా, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట ఎలా కలుపుతావు?" అంటారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు చిన్న సాయం అడగండి

మొదటి ఏడాది నేను ప్రశ్నలతో మొదలుపెట్టేదాన్ని. మీదే ఊరు, ఏం చేస్తారు, పిల్లలెందరు అని. అవతలివాళ్ళు జనాభా లెక్కలవాళ్ళకు చెప్పినట్టు పొడిపొడిగా చెప్పి కిటికీ వైపు తిరిగిపోయేవారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఎవరో తెలియని మనిషి వచ్చి కూపీ లాగుతుంటే ఎవరికైనా మనసు ముడుచుకుంటుంది.

సాయం అడగడం వేరు. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే రైలు పొద్దున్నే బయలుదేరుతుంది. అరకు వెళ్ళేవాళ్ళు చాలామంది అందులోనే ఎక్కుతారు. జనరల్ పెట్టెలో చోటు దొరికాక నేను చేసే మొదటి పని, ఎదురుగా కూర్చున్న పెద్దావిడతో "నీళ్ళు పట్టుకొస్తాను, ఈ సంచి కాస్త చూస్తారా?" అనడం. తిరిగి వచ్చేసరికి ఆవిడ నా సంచిని తన కాళ్ళ దగ్గరకు లాక్కుని, నా చోట కూర్చోబోయినవాళ్ళను "మనిషి ఉంది" అని లేపేసి ఉంటారు. ఒకసారి నా బరువు తన మీద వేసుకున్నాక నన్ను ప్రశ్నించే హక్కు ఆవిడకు వస్తుంది. "ఒక్కదానివేనా? ఎందాకా?" అని ఆవిడే మొదలుపెడతారు. మాట ఆవిడ మొదలుపెట్టారు కాబట్టి ఎప్పుడు ఆపాలన్నదీ ఆవిడ చేతిలోనే ఉంటుంది. అందుకే బెరుకు ఉండదు.

ఒక జాగ్రత్త. డబ్బు, ఫోను, గుర్తింపు కార్డు ఎప్పుడూ ఒంటి మీద ఉండే చిన్న సంచిలోనే పెట్టుకోండి. అప్పగించే సంచిలో బట్టలు, సబ్బు, ఒక పుస్తకం తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఈ ఐదేళ్ళలో నా సంచి ఒక్కసారీ పోలేదు. పోయినా పోయేది రెండు జతల బట్టలే.

సాయం అడిగాక ప్రశ్నలు అడగవచ్చు. అయితే వాళ్ళ గురించి కాదు, వాళ్ళకు బాగా తెలిసిన విషయాల గురించి. శృంగవరపుకోట దాటి రైలు కొండ ఎక్కుతుంటే లోయ ఏ వైపు కనిపిస్తుందో, ఏ స్టేషన్లో ఏం తినడానికి దొరుకుతుందో ఆ దారిన రోజూ తిరిగేవాళ్ళకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు 58 సొరంగాలు ఉన్నాయని చదివి ఉండవచ్చు. ఎదుటి మనిషి చెప్పబోతుంటే మీరు అందుకుని చెప్పేయకండి. లెక్క మీకు తెలిసినా సరే, వాళ్ళ నోటే వినండి.

అన్నిటికన్నా మంచి ప్రశ్న వంట గురించి అడిగేది. అరకు చుట్టుపక్కల సంతల్లో రాజ్మా గింజలు, పసుపు, మిరియాలు, కొండ చీపుళ్ళు అమ్మకానికి వస్తాయి. ఒకసారి అరకిలో రాజ్మా కొని, "వీటిని మీ ఇంట్లో ఎలా వండుతారు?" అని అడిగాను. అమ్మిన ఆవిడ రాత్రి నానబెట్టాలి అన్నారు. పక్కన కూర్చున్న ఆవిడ అక్కర్లేదు, కొత్త గింజ అయితే నేరుగా ఉడుకుతుంది అన్నారు. చింతపండు వేయాలని ఒకరు, వేస్తే గింజ గట్టిపడుతుందని ఇంకొకరు. సగం మాటలు తెలుగులో, సగం ఆదివాసీ ఒడియాలో నడిచాయి. పది నిమిషాల్లో నా చుట్టూ ఐదుగురు. రెండో మనిషి వచ్చి సరిదిద్దాలనిపించే ప్రశ్న అడగండి. అలాంటి ప్రశ్నకు ఒక్కరితో మాట ఆగదు.

వరస కలపడం

మన భాషలో కొత్తవాళ్ళను పిలవడానికి చుట్టరికమే దారి. "ఏమండీ" ఆఫీసుల్లో సరిపోతుంది. ఊరి చెరువు గట్టు మీద ఆ మాట దూరంగా ఉంటుంది. అయితే వరస కలిపేటప్పుడు ఒక లెక్క ఉంది, దాన్ని ఎవరూ పనిగట్టుకుని నేర్పరు.

ఒక ఇంట్లో భార్యను "అక్కా" అన్నారనుకోండి. ఆమె భర్త మీకు బావ అవుతాడు. పల్లెల్లో బావ వరసకు పరాచికాలాడే చనువు ఉంటుంది. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లకు ఆ చనువు అన్నిచోట్లా మంచిది కాదు. అందుకని నేను ముందు భర్తను "అన్నయ్యా" అని పిలుస్తాను. అప్పుడు ఆవిడ నాకు వదిన. వదినతో ఎంత సరదాగా మాట్లాడినా తప్పులేదు, అన్నయ్య మాత్రం హద్దులోనే ఉంటాడు. అబ్బాయిలకు ఇదే లెక్క తిరగేసి వస్తుంది. మీరు ఆవిడను "అక్కా" అనండి, ఆయన బావ అయితే మీకు లాభమే. ఒకే ఇంట్లో ఆవిడను అక్క అని, ఆయనను అన్న అని పిలిస్తే మాత్రం వరస తప్పిందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అన్నప్పుడు చిన్నబుచ్చుకోకండి. మిమ్మల్ని ఏదో ఒక వరసలో కూర్చోబెట్టాలని చూస్తున్నారని అర్థం.

మాటలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. మా బొబ్బిలి వైపు అక్కను అప్ప అంటారు. కోస్తాలో పిన్ని అనే మనిషిని తెలంగాణలో చిన్నమ్మ అంటారు. రాయలసీమలో అమ్మమ్మకు, నానమ్మకు అవ్వ, జేజి అన్న పిలుపులు వినిపిస్తాయి. వాళ్ళ మాటను మీరు వెంటనే ఎత్తుకోనక్కర్లేదు. మీకు అలవాటైన పిలుపుతోనే పిలిచి, "మీ దగ్గర ఏమని పిలుస్తారు?" అని అడిగితే చాలు. తెలంగాణలోనూ, మా ఉత్తరాంధ్రలోనూ పెద్దవాళ్ళు మిమ్మల్ని "నువ్వు" అంటే అది చిన్నచూపు కాదు, దగ్గరితనం. మీరు మాత్రం "మీరు" అనే మొదలుపెట్టండి. "మీరేమిటి బిడ్డా, నువ్వు అను" అని వాళ్ళే అన్న రోజున మార్చుకోవచ్చు.

"ఏ ఊరు?" అని అడిగినప్పుడు ఊరి పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. దానికి ఒక పిడి తగిలించి ఇవ్వండి, అవతలివాళ్ళు పట్టుకోవడానికి. నేను "బొబ్బిలి. వీణలు చేస్తారే, ఆ ఊరు" అంటాను. పనస దుంగను తొలిచి ఒకే చెక్కతో వీణ చేస్తారని చెబుతాను. వడ్రంగం తెలిసినవాళ్ళు ఎవరున్నా వెంటనే పనస చెక్క గురించి అడుగుతారు. మీ ఊళ్ళో వీణలు లేకపోతే మామిడి తోట ఉంటుంది, జాతర ఉంటుంది, ఎండిపోయిన వాగు ఉంటుంది. ఏదో ఒకటి ఉంటుంది.

వాళ్ళు అడిగే ప్రశ్నలు

పెళ్ళయిందా, జీతమెంత, ఇంట్లో ఒప్పుకున్నారా. ఈ మూడూ వస్తాయి. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు అనిపిస్తుంది, వాళ్ళకు తెలిసిన కొలతలు అవే, వాటితోనే నన్ను కొలిచి చూసుకుంటున్నారని. పెళ్ళి కాలేదని, అమ్మకు చెప్పే వచ్చానని నిజమే చెబుతాను. జీతం అడిగితే "ఏడాదికి నాలుగు నెలలు తిరగడానికి సరిపోతుంది పిన్నిగారూ" అంటాను.

నాలుగో ప్రశ్న ఇంటిపేరు. చాలాసార్లు అది ఇంటిపేరు కోసం అడిగేది కాదు, కులం తెలుసుకోవడానికి అడిగేది. "మీరేమిట్లు?" అని సూటిగా అడిగేవాళ్ళూ ఉన్నారు. నేను చెప్పను. "మా ఊరే నా ఇంటిపేరు అనుకోండి" అని నవ్వి, వాళ్ళ పిల్లల చదువు మీదకు మాట తిప్పుతాను. చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఇది నాకు ఇంత తేలిగ్గా కుదురుతోందని, అందరికీ కుదరదని నాకు తెలిసింది ఒక టీ కొట్టు దగ్గర. నాతో వచ్చిన స్నేహితురాలు తన ఇంటిపేరు దాచకుండా చెప్పింది. రెండోసారి టీ వచ్చినప్పుడు నాకు గాజు గ్లాసు, ఆమెకు కాగితం గ్లాసు. ఇద్దరం ముట్టుకోకుండా లేచి వచ్చేశాం. అందరితోనూ కలిసిపోవాలన్న పట్టుదలతో అలాంటి చోట కూర్చోకండి. లేచి రావడం కూడా ప్రయాణంలో నేర్చుకోవలసిన పనే.

తొక్క ఉన్న పండు

రైల్లో కొత్తవాళ్ళు ఇచ్చినది తినవద్దని రైల్వే వాళ్ళు చెబుతూనే ఉంటారు. మత్తుమందు కలిపిన బిస్కట్లు, చాయ్ ఇచ్చి దోచుకున్న ఉదంతాలు ఉన్నాయి కాబట్టే చెబుతున్నారు. మరోవైపు మన దగ్గర తిండి పంచుకోకుండా స్నేహం కుదరదు. ఈ రెండింటి మధ్య నాకు దొరికిన దారి తొక్క ఉన్న పండు. అరటిపండ్లు, కమలాలు, సీతాఫలాలు, ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు. ఇచ్చేవాళ్ళకూ అనుమానం లేదు, తీసుకునేవాళ్ళకూ భయం లేదు. వలుచుకుని తినేవే కాబట్టి చేతులు పనిలో ఉంటాయి, నోరు మాటల్లో పడుతుంది. వేరుసెనక్కాయల పొట్లం రెండు సీట్ల మధ్య విప్పి పెడితే నలుగురి చేతులూ అందులోకే వస్తాయి.

ఇంటికి పిలిచి పెట్టినప్పుడు వేరు. అక్కడ "ఆకలి లేదు" అనకండి. మంచినీళ్ళు ఇస్తే తాగండి, అన్నం పెడితే కొంచెమైనా తినండి. "కొంచెం చాలు అమ్మా, పొద్దున ఆలస్యంగా తిన్నాను" అంటే నొచ్చుకోరు. తిన్నాక డబ్బు ఇవ్వబోతే మాత్రం ఖాయంగా నొచ్చుకుంటారు. నేను ఆ పొద్దే బజారుకు వెళ్ళి పిల్లలకు పండ్లో, ఇంట్లోకి కూరగాయలో తెచ్చి ఇస్తాను.

చేతికి పని ఇప్పించుకోండి

నాకు అన్నిటికన్నా ఎక్కువ నమ్మకం ఉన్న పద్ధతి ఇది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

సోలాపూర్ దుప్పటి మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఆ ఊళ్ళో సగం వీధుల్లో తెలుగు వినిపిస్తుందని చాలామందికి తెలియదు. నేత పని కోసం తెలంగాణ పల్లెల నుంచి తరతరాలుగా వెళ్ళి స్థిరపడిన పద్మశాలీలు వాళ్ళు. ఎక్కువమంది ఊరి తూర్పు వైపున ఉంటారు, దాన్ని అక్కడ పూర్వ భాగ్ అంటారు. మగవాళ్ళు మరమగ్గాల మీద, ఆడవాళ్ళు చాలామంది బీడీలు చుట్టే పనిలో ఉంటారు. నేను దుప్పట్ల కొట్టు వెతుక్కుంటూ ఒక సందులోకి వెళ్ళాను. గుమ్మం ముందు ముగ్గురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మరాఠీ కలిసిన తెలుగులో మాట్లాడుకుంటున్నారు. దారి అడిగాను. చెప్పారు. చెప్పాక వెళ్ళిపోకుండా, "కాసేపు కూర్చోనా? నాకు ఏదైనా పని చెప్పండి" అన్నాను.

వాళ్ళలో పెద్దామె నన్ను కిందికీ మీదికీ చూసి పీట జరిపింది. నీళ్ళలో నానబెట్టి తడిగుడ్డలో చుట్టి పెట్టిన తునికాకు నా ముందుకు తోసింది. బీడీ కొలతకు కోసిన రేకుముక్కను ఆకు మీద పెట్టి, దాని అంచు వెంట కత్తెర నడపాలి. ఆకు ఈనె అడ్డం రాకూడదు. వాళ్ళు కత్తిరిస్తుంటే కత్తెర ఆగినట్టే ఉండదు, ఒకే చప్పుడు. ఆ ముక్కలో చిటికెడు తంబాకు పరిచి, రెండు చేతుల బొటనవేళ్ళతో దొర్లించి, మూతి లోపలికి మడిచి, దారం చుట్టి తెంపుతారు. కళ్ళు బీడీ మీద ఉండవు. వీధిలోనో, ఎదుటి మనిషి ముఖం మీదో ఉంటాయి. వేళ్ళకు ఆ పని అంతగా అలవాటైపోయింది. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కాబట్టి నేను పాడుచేసే ప్రతి ఆకూ వాళ్ళకు నష్టం. అది గమనించి, కత్తెర తిరిగి ఇచ్చేసి, లెక్కపెట్టి కట్టలు కట్టే పని అడిగి తీసుకున్నాను. కట్టకు 25. ఆ పనిలో నష్టం చేయను.

అక్కడ నాలుగు గంటలు కూర్చున్నాను. మొదటి గంట ఎవరూ నాతో పెద్దగా మాట్లాడలేదు. ఆ మౌనాన్ని పూడ్చాలని తొందరపడకండి. చేతిలో పని ఉన్నప్పుడు మౌనం ఎబ్బెట్టుగా ఉండదు. రెండో గంటలో వాళ్ళు తమ మాటల్లో పడ్డారు, నేను విన్నాను. మూడో గంటలో పెద్దామె తన పుట్టిన పల్లె గురించి చెప్పడం మొదలుపెట్టింది. నేను ఏమీ అడగలేదు. ఆ పొగాకు దుమ్ముకు నాకు అప్పటికే దగ్గు పట్టుకుంది. వాళ్ళు రోజూ పీల్చే గాలి అది. ఆ సంగతి ఏ ప్రశ్న అడిగినా నాకు అంత బాగా తెలిసేది కాదు.

పని చిన్నదే కావాలి, చెడగొట్టినా నష్టం లేనిదై ఉండాలి. పూలు కట్టేచోట ఆకులు ఏరడం, కల్లంలో గింజలు ఎత్తడం, పెళ్ళింట్లో విస్తళ్ళు అందించడం. నాందేడ్ గురుద్వారాలో అయితే అడగనే అక్కర్లేదు. వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగరు వంటశాలలో రొట్టెలు ఒత్తే వరుసలో ఎవరైనా కూర్చోవచ్చు. బాసర దాకా వచ్చినవాళ్ళకు రైల్లో నాందేడ్ ఎంతో దూరం కాదు, ఒకసారి వెళ్ళి చూడండి. పక్కన కూర్చున్నవాళ్ళ భాష మీకు రాకపోయినా రొట్టె గుండ్రంగా వచ్చిందో లేదో ఇద్దరికీ తెలుస్తుంది.

భాష రానిచోట

ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది నడిచి శ్రీశైలం వస్తారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో నడక. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని, మల్లన్న తమ అల్లుడని వాళ్ళ నమ్మకం. రెండేళ్ళ కిందట నేను వెంకటాపురం దగ్గర వాళ్ళతో కలిసి నడిచాను. అప్పటికి నాకు వచ్చిన కన్నడం పది మాటలు.

నాగలూటి దగ్గర మా అమ్మ వయసున్న ఒకామె చెట్టు కింద కూర్చుని అరికాలి బొబ్బ చూసుకుంటోంది. నేను మా ఊరి అలవాటున "అప్పా, నీళ్ళు కావాలా?" అన్నాను. చుట్టూ ఉన్న మగవాళ్ళు తిరిగి చూశారు. కన్నడంలో అప్ప అంటే నాన్న. మా దగ్గర అప్ప అంటే అక్క అని చేతులతో, సగం మాటలతో చెప్పాను. ఆమె పకపకా నవ్వి పక్కన కూర్చోమంది. అక్కడి నుంచి ఒక్కో వస్తువు చూపించి "ఇదక్కె ఏనంతీరి?" అని అడగడం, వాళ్ళు చెప్పడం, నేను మన మాట చెప్పడం. పాలు హాలు, పువ్వు హూవు, పులి హులి, పల్లె హళ్ళి. మన పకారం చాలా మాటల్లో వాళ్ళకు హకారం అవుతుంది. ఆ కిటుకు తెలిశాక ఎన్ని మాటలు పట్టుకోవచ్చో. పొరుగు భాషతో మొదలుపెట్టేవాళ్ళకు నా సలహా ఇదే. "ఎలా ఉన్నారు" వంటి వాక్యాలు బట్టీ పట్టేకన్నా, "దీన్ని ఏమంటారు?" అన్న ఒక్క ప్రశ్న బాగా నేర్చుకోండి.

భీముని కొలను దగ్గరకు వచ్చేసరికి, "సారెలో ఏం తెచ్చారు?" అని అడగగలిగాను. ఆమె తలమీద మూట దించి, ముడి విప్పి, ఒక్కొక్కటి తీసి చూపించింది. ఆకుపచ్చ చీర, రవికగుడ్డ, కాగితంలో చుట్టిన డజను గాజులు, పసుపు, కుంకుమ. చీర మడతలో ఎండు నిమ్మకాయంత బెల్లం. ఆడపిల్ల ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకూడదట. అవన్నీ మళ్ళీ అదే వరుసలో సర్దుకుని, నాకు జొన్నరొట్టె మీద శేంగా చట్నీపొడి, అంటే వేరుసెనగ పొడి, వేసి ఇచ్చింది.

జాగ్రత్తలు

కలుపుగోలుతనం వేరు, కళ్ళు మూసుకుపోవడం వేరు. నేను ఏ రాత్రి ఎక్కడ ఉంటానో కొత్తవాళ్ళకు చెప్పను. అడిగితే "అన్నయ్య స్టేషనుకు వస్తున్నాడు" అంటాను. అది అబద్ధమే, దానికి నాకు బాధ లేదు. బస్సులో ఆడవాళ్ళ పక్కనే కూర్చుంటాను. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఆ బస్సుల్లో ఆడవాళ్ళ సందడి బాగా పెరిగింది. పుట్టింటికి, ఆసుపత్రికి, గుడికి వెళ్ళేవాళ్ళు ఎందరో. మాట కలపడానికి అంతకన్నా మంచి చోటు లేదు. రైల్లో ఇబ్బంది ఎదురైతే 139, ఎక్కడైనా ఆపద వస్తే 112, ఆడవాళ్ళకు 181. ఫోనులోనే కాదు, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.

మనసు ఒప్పని చోట మర్యాద కోసం కూర్చోవద్దు. "నా స్టేషన్ వచ్చింది" అని దిగి, ఇంకో పెట్టె ఎక్కండి.

ఫోటో సంగతి. అడగకుండా తీయకండి, ముఖ్యంగా ఆదివాసీ సంతల్లో. కాసేపు కూర్చున్నాక అడిగితే వాళ్ళే జుట్టు సర్దుకుని నిలబడతారు.

ఇంటికి వచ్చాక

పరిచయం చాలామందికి ఇక్కడే జారిపోతుంది. ఫోటో పంపిస్తానని చెప్పి పంపరు. నేనూ పంపలేదు. నాగలూటిలో కలిసిన ఆమెకు ఇస్తానన్న ఫోటో ఏడు నెలలు నా ఫోనులోనే ఉండిపోయింది. తర్వాత పంపితే, వాళ్ళ అబ్బాయి ఫోన్ చేసి, అమ్మ దీపావళి దాకా పోస్టుమన్‌ను అడుగుతూనే ఉందని చెప్పాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె చివుక్కుమంటుంది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఊరు దాటకముందే, ఆ పట్నంలోనే ఫోటో స్టూడియో వెతుక్కుని రెండు కాపీలు అచ్చు వేయించి, కవరులో పెట్టి, ఐదు రూపాయల స్టాంపు అంటించి డబ్బాలో వేస్తాను. చిరునామా వాళ్ళ చేతే నా నోటుపుస్తకంలో రాయిస్తాను, పిన్ కోడ్ ఆరంకెలూ సరిచూసుకుంటాను. రాయడం రానివాళ్ళయితే పక్కింటివాళ్ళ చేత రాయిస్తాను. అలా పక్కింటివాళ్ళూ తెలుస్తారు.

ఫోటో వాట్సాప్‌లో పంపితే చాలదా అంటారు. పిల్లల ఫోనుకు వెళుతుంది, రెండు రోజుల్లో కిందికి జారిపోతుంది. అచ్చు ఫోటో దేవుడి పటాల పక్కకు చేరుతుంది. ఏం రాయాలో తోచకపోతే యాభై పైసల పోస్టుకార్డు మీద నాలుగు ముక్కలు చాలు. ఎక్కడ ఉన్నాను, ఏం తిన్నాను, వానలు ఎలా ఉన్నాయి, మీరు చెప్పిన కూర వండానో లేదో.

అన్నిటికన్నా గట్టి ముడి ఇంకొకటి ఉంది. బయలుదేరేముందు "నేను ఫలానా వైపు వెళుతున్నాను, మీకేమైనా పని ఉందా?" అని అడగండి. మూడొంతుల మంది ఏమీ లేదంటారు. సోలాపూరులో ఆ పెద్దామె కాసేపు ఆలోచించి, సిరిసిల్ల దగ్గర తమ పల్లె పేరు చెప్పింది. తొమ్మిదేళ్ళ వయసులో వచ్చేసిందట. "మా ఇంటి ముందు చేదబావి ఉండేది. ఉన్నదో పూడ్చేశారో చూసి చెబుతావా బిడ్డా?" అంది.

మరుసటి నెల వెళ్ళాను. చేతిలో ఒకరి పని ఉంటే కొత్త ఊళ్ళోకి వెళ్ళడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. "ఎవరి కోసం వచ్చావు బిడ్డా?" అని అడిగిన ప్రతివాళ్ళకూ చెప్పడానికి నా దగ్గర ఒక మనిషి, ఒక బావి ఉన్నాయి. ఇల్లు లేదు. ఆ స్థలంలో కిరాణా కొట్టు ఉంది. బావి ఉంది. మీద ఇనుప జాలీ వేశారు, పక్కన మోటారు పెట్టారు, అంచు రాయి మీద చేంతాడు ఒరుసుకున్న గాడులు అలాగే ఉన్నాయి. ఆ గాడుల మీద నా చెయ్యి పెట్టి ఫోటో తీయించుకున్నాను. ఒక ముసలాయన వాళ్ళ ఇంటివాళ్ళను గుర్తుపట్టి, తనకు చెల్లెలి వరస అవుతుందని, రాఖీ పున్నమికి రమ్మన్నానని చెప్పమని కబురు పెట్టాడు.

ఫోటోతో పాటు ఆ కబురూ పంపాను. సోలాపూరులో పద్మశాలీలు తమ మూలపురుషుడిగా కొలిచే మార్కండేయుడి రథం తీసేది కూడా ఆ శ్రావణ పున్నమి నాడే. ఆ రోజు ఊరు వదిలి ఎలా వస్తానని జవాబు. రాఖీ, ఒక దుప్పటి పార్సిలు కట్టి నా గది చిరునామాకు పంపింది. రేపు పొద్దున జూబ్లీ బస్ స్టేషన్‌లో సిరిసిల్ల బస్సు ఎక్కుతున్నాను. ఆ ముసలాయనకు కుడిచెవి సరిగా వినబడదని ఆమెకు నేనే చెప్పాను, అందుకని ఎడమవైపు కూర్చుని, గట్టిగా, తొందరపడకుండా చెప్పమని ఫోనులో రెండుసార్లు అంది.